పెట్టెలో ఉన్నదే, కంటికి ఆనదేం?

వెనకటి రోజుల్లో ఏ ఇంట్లో చూసినా బోషాణం ఒకటి ఉండేది. దాని తాళంచెవి ఇంటి పెద్దావిడ బొడ్డున వేలాడుతూ ఉండేది. పెట్టె ఎక్కడున్నదో, చెవి ఎవరి దగ్గరున్నదో, లోపల ఏమున్నదో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇప్పటి బోషాణం తీరు వేరు. లావుపాటి నిఘంటువంత పెట్టె. అందులో రెండు హార్డ్ డిస్కులు. ముందు భాగాన మిణుకు మిణుకుమనే మూడు నాలుగు దీపాలు. దీన్ని ‘నాస్’ అంటున్నారు. ఇంట్లో ఉన్న ఫోనులూ, కంప్యూటర్లూ, టి.వి.లూ అన్నీ కలిసి వాడుకోవడానికి వీలుగా ఇంటి వైఫైకి తగిలించిన సామానుగది అన్నమాట. పెళ్ళి వీడియోలు, పిల్లల అన్నప్రాశన ఫోటోలు, తాతగారి ఉత్తరాల నకళ్ళు, ఇష్టమైన పాత సినిమాలు అన్నీ అందులో వేసి ఉంచి, హాల్లో కూచుని టి.వి. మీద చూసుకోవచ్చు.

చూసుకోవచ్చు, నిజమే. కాని ఒకనాడు టి.వి. పెడితే ఆ పెట్టె పేరే కనబడదు. లేదా పేరు కనబడుతుంది, తెరిస్తే లోపల ఖాళీ. లేదా ఫైళ్ళ పేర్లన్నీ వరసగా కనబడతాయి, నొక్కితే “ఇది నా వల్ల కాదు” అంటుంది టి.వి. లేదా బొమ్మ వస్తుంది, మాట రాదు. ఈ నాలుగూ ఒకటే జబ్బనుకుంటారు చాలామంది. కావు సుమండీ! నాలుగు వేరు వేరు జబ్బులు, నాలుగు వేరు వేరు మందులు. జబ్బు తెలుసుకోకుండా మందు వెయ్యడం వల్లనే అసలు చిక్కంతా వస్తున్నది. అందులోనూ ఒక మందు ఉంది. అది వేశామంటే రోగమూ ఉండదు, రోగీ ఉండడు. ఆ మాట చెప్పడానికే ఈ వారం ఈ విషయం ఎత్తుకున్నాను.

మా వెంగళరావు నగర్ చిత్రమైన పేట. 1973 నుంచి 1978 దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావుగారి పేరు పెట్టుకున్న కాలనీ ఇది. ఒక పక్కకు కాస్త నడిస్తే అమీర్‌పేట; అక్కడ గోడ కనబడకుండా కంప్యూటరు పాఠాల బోర్డులు. ఇంకో పక్కకు నడిస్తే యూసఫ్‌గూడ, కృష్ణానగర్. అక్కడ తెర మీద పేరు పడేవాళ్ళూ, పడనివాళ్ళూ, ఎప్పటికైనా పడకపోతుందా అని ఎదురుచూసేవాళ్ళూ. ఆ పైన జూబిలీ హిల్స్, ఫిలిం నగర్. అంటే కంప్యూటరు ఒక చేతికీ, సినిమా ఒక చేతికీ అందే చోట మేము కాపరం ఉంటున్నాం. అయినా ఇంట్లో ఉన్న వీడియో ఇంట్లో ఉన్న టి.వి.లో చూడలేక అవస్థ పడేవాళ్ళు మా వీధిలో తక్కువేమీ లేరు.

మా పై వాటాలో ఉన్న పిన్నిగారి సంగతి చెబుతాను. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను లెండి. బాబాయిగారు సినిమాల్లో శబ్దగ్రహణ శాఖలో పనిచేశారు. పరిశ్రమ మద్రాసు నుంచి మెల్లమెల్లగా ఇక్కడికి తరలివస్తున్న రోజుల్లో వాళ్ళూ వచ్చి ఈ పేటలో స్థిరపడ్డారు. ముప్ఫై ఏళ్ళు ఊరందరి గొంతులూ పట్టిన ఆయన తన గొంతు సంగతి పట్టించుకోలేదు. ఆయన మాట వినబడేది ఒక్కచోటే. 1991లో పెద్దమ్మాయి పెళ్ళికి తీయించిన మూడు గంటల వీడియో కేసెట్టులో. అందులోనూ ఆయన మాట్లాడేది అంతా కలిపి నాలుగు నిమిషాలు ఉంటుందేమో.

బాబాయిగారు కిందటేడు పోయారు. అమెరికాలో ఉన్న వాళ్ళబ్బాయి అంతకు ముందే ఆ కేసెట్టును కంప్యూటరులోకి ఎక్కించి, ఈ నాస్ పెట్టెలో దాచి, టి.వి.కి కలిపి వెళ్ళాడు. కేసెట్టుకు తరవాత బూజు పట్టి, టేపు పొర మీద పొర అంటుకుపోయింది. అంటే ఆ నాలుగు నిమిషాల మాటలు ఆ పెట్టెలో తప్ప ఇక లోకంలో ఎక్కడా లేవు. సంవత్సరీకాలకు పిల్లలూ మనవలూ అందరూ వస్తున్నారు. ఆ సాయంత్రం అందరినీ కూచోబెట్టి చూపించాలని పిన్నిగారి కోరిక. తీరా నాలుగు రోజుల ముందు టి.వి. పెట్టి చూస్తే పెట్టె జాడ లేదు.

ఎవరో ఒక రిపేరు కుర్రవాణ్ణి పంపారు. మంచివాడే, పనిమంతుడే. పెట్టెలోంచి ఒక డిస్కు ఊడదీసి తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. తగిలించగానే, “ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యనా?” అని తెరమీద ప్రశ్న వచ్చింది. “డిస్కు పాడైందండీ, ఫార్మాట్ చేసేస్తే బాగవుతుంది” అన్నాడతను. పిన్నిగారు ఫార్మాట్ అంటే ఏమిటని అడిగారు. చెరిపి కొత్తగా చెయ్యడం అని చెప్పాడు. “ఆగు నాయనా! ముప్ఫై ఏళ్ళు టేపులతో కాపరం చేసిన ఇల్లు ఇది. చెరపడమనే మాట వింటే నాకు గుండె గుభేలుమంటుంది. కింది వాటాలో ఒక్క మాట అడిగి వస్తాను” అని మెట్లు దిగి వచ్చారు.

ఆ దిగిరావడమే కాపాడింది. నేను చేసిందంతా ఆ తరవాతి ముచ్చట.

పాఠకులు ఈ ఒక్కటీ గుర్తు పెట్టుకుంటే ఈ వ్యాసం చదివిన ఫలం దక్కినట్టే. ఈ నాస్ పెట్టెల్లో ఎక్కువ వాటికి లోపల నడిచేది లినక్స్ అనే ఏర్పాటు. అవి డిస్కు మీద రాసుకునే పద్ధతి వేరు, మన విండోస్ కంప్యూటరుకు తెలిసిన పద్ధతి వేరు. తెలుగు రానివాడి చేతికి భారతం ఇస్తే “ఏవో గీతలున్నాయి, చెరిపేసి పద్దులు రాసుకోనా?” అని అడిగినట్టు, విండోసు ఆ డిస్కును చూసి ఫార్మాట్ చెయ్యనా అని అడుగుతుంది. డిస్కు పాడైందని దాని అర్థం కాదు. తనకు చదవడం రాదని అర్థం. కాబట్టి నాస్ పెట్టెలోని డిస్కు విషయంలో ఫార్మాట్, ఇనిషియలైజ్ అనే రెండు మాటలు ఎక్కడ కనబడినా చెయ్యి వెనక్కి తీసుకోండి. పెట్టెకు కరెంటు ఆపి, ఏ డిస్కు ఏ గూటిలోంచి వచ్చిందో ఆ గూటిలోనే తిరిగి పెట్టండి. మేము ముందు చేసింది అదే. పెట్టె మళ్ళీ లేచింది. దీపాలు పచ్చగా వెలిగాయి.

ఇక వరసగా వెతకడం. వంటింట్లో పొయ్యి వెలగకపోతే మనం ఏం చేస్తాం? సిలిండరులో గ్యాసుందా, రెగ్యులేటరు తిప్పామా, గొట్టం బాగుందా, బర్నరు మూసుకుపోయిందా అని ఒక్కొక్కటే చూస్తాం. ముందే పొయ్యి మార్చం. ఇక్కడా అంతే.

మొదటి ప్రశ్న: పెట్టె బతికే ఉందా? ఇంట్లో రూటరుకు తనదైన పేజీ ఒకటి ఉంటుంది. దాన్ని కంప్యూటరులో తెరిస్తే ఇంటి వైఫైలో ఉన్న వస్తువులన్నిటి పేర్లూ, వాటి చిరునామాలూ వరసగా కనబడతాయి. చిరునామా అంటే చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు. పెట్టె చిరునామాను బ్రౌజరులో కొడితే పెట్టె తన తలుపు తీసి పేరూ, సంకేతపదమూ అడుగుతుంది. అడిగిందంటే బతికే ఉన్నట్టు. పిన్నిగారి అబ్బాయి ఆ సంకేతపదం పంచాంగం వెనక అట్ట మీద రాసిపెట్టి వెళ్ళాడు. లోపలికి వెళ్ళి చూశాం. రెండు డిస్కులూ నిక్షేపంగా ఉన్నాయి, పెళ్ళి ఫైలూ ఉంది. పిన్నిగారు అప్పటిదాకా నిలబడే ఉన్నవారు అప్పుడు కుర్చీలో కూచున్నారు.

రెండో ప్రశ్న: పెట్టె, టి.వి. ఒకే గూటిలో ఉన్నాయా? మన ఊళ్ళో నూటికి పాతిక కేసులు ఇవేనని లెక్క చెప్పలేను గాని, నేను చూసినవాటిలో తరచుగా తగిలేది ఇదే. రెండు నెలల కిందట పిన్నిగారింట్లో ఫైబరు కనెక్షను కొత్తగా వేయించుకున్నారు. ఆ వచ్చినవాళ్ళు పెట్టిన కొత్త డబ్బాకు సొంత వైఫై ఉంది. పాత రూటరును తీసెయ్యకుండా ఈ కొత్త డబ్బాకు తగిలించి వెళ్ళారు. టి.వి. కొత్త వైఫైలో చేరింది. నాస్ పెట్టె తీగ మాత్రం పాత రూటరులోనే ఉండిపోయింది. టి.వి. చిరునామా 192.168.1.7. పెట్టె చిరునామా 192.168.0.12. మూడో అంకె చూశారా? ఒకదానిది 1, రెండోదానిది 0. ఒకే ఇంట్లో ఉన్నా మధ్య గోడ కట్టి రెండు వాటాలు చేసుకున్న అన్నదమ్ముల్లాగా అయింది వాటి సంగతి.

టి.వి. పెట్టెను వెతికే పద్ధతి ఏమిటంటే, వీధిలో కూరగాయల బండివాడు కేక వేసినట్టు కేక వేస్తుంది: “బొమ్మలు చూపించే సర్వర్లెవరైనా ఉన్నారా?” అని. ఆ కేకకు ప్రత్యేకం ఒక చిరునామా ఉంది: 239.255.255.250. అక్కడ 1900 నెంబరు ద్వారం. ఈ కేక రూటరు గోడ దాటదు. గోడకు ఇవతల టి.వి. అరుస్తూ ఉంటుంది, అవతల పెట్టె తీరుబడిగా కూచుని ఉంటుంది. అతిథులకని వేరే పేరుతో పెట్టే గెస్ట్ వైఫైలో టి.వి.ని చేర్చినా ఇదే గొడవ. ఆ వైఫైలో ఉన్నవాళ్ళు ఇంట్లో తక్కిన సామానును చూడకూడదనే దాన్ని అల్లా కట్టారు.

మందు చాలా తేలిక. పెట్టె తీగను పాత రూటరు నుంచి ఊడదీసి కొత్త డబ్బాకు తగిలించాం. పెట్టెను ఒకసారి ఆపి మళ్ళీ వేశాం. చిరునామా 192.168.1.15 అయింది. టి.వి.లో పెట్టె పేరు కనబడింది! పాత రూటరు వైఫై దూరపు గదికి కావాలంటే దాన్ని ‘ఏక్సెస్ పాయింట్’ అనే పద్ధతిలోకి మార్చుకుంటే సరి. అప్పుడు గోడ పోయి రెండు వాటాలూ ఒకటవుతాయి. పనిలో పనిగా రూటరు పేజీలో ఆ చిరునామాను పెట్టెకే రిజర్వు చేయించాం. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు దానికి ఇంకో అంకె తగలవచ్చు, పాత అంకెతో వెతికే కంప్యూటరు మళ్ళీ కనబడలేదనవచ్చు.

మూడో ప్రశ్న: పేరు కనబడుతున్నది, సరుకు కనబడదేం? పిన్నిగారింట్లో ఇదీ ఎదురైంది. పాత సినిమాలున్నాయి, పాటలున్నాయి, పెళ్ళి లేదు. కారణం ఏమిటంటే, పెట్టెలో ఉన్నవన్నీ టి.వి.కి చూపించరు. ‘మీడియా సర్వర్’ అనే గుమాస్తా ఒకడుంటాడు. ఏ ఫోల్డర్లు చూపమని చెప్పామో వాటికి మాత్రమే జాబితా రాసుకుని, టి.వి. అడిగినప్పుడు ఆ జాబితా చదువుతాడు. కుర్రవాడు పెళ్ళి వీడియోను జాగ్రత్త కోసం వేరే ఫోల్డరులో పెట్టాడు, గుమాస్తాకు చెప్పలేదు. ఆ ఫోల్డరును జాబితాలో చేర్చి, మళ్ళీ లెక్క రాయమన్నాం. ఫోటోలు వేల కొద్దీ ఉన్న పెట్టెలో ఈ లెక్కకు గంటలు పడుతుంది. తొందరపడి మధ్యలో ఆపకూడదు. మేము కాఫీ తాగి, కబుర్లు చెప్పుకుని వచ్చేసరికి పెళ్ళి జాబితాలో చేరింది. ఫోల్డరు తెరిచే అధికారం ఎవరెవరికి ఉన్నదో కూడా అక్కడే చూసుకోవాలి; అధికారం లేకపోయినా ఖాళీగానే కనబడుతుంది.

నాలుగో ప్రశ్న: పేరు నొక్కితే ఆడదేం? పెళ్ళి పేరు మీద నొక్కాం. ఈ రకం ఫైలు తనకు చేతకాదన్నది టి.వి. అదే ఫైలు ల్యాప్‌టాప్‌లో వి.ఎల్.సి. అనే ఉచిత ప్రోగ్రాముతో తెరిస్తే చక్కగా ఆడింది. అంటే ఫైలు క్షేమం. భాష దగ్గరే పేచీ. వీడియో కేసెట్లను కంప్యూటరులోకి ఎక్కించేవాళ్ళు తరచుగా ‘డి.వి.’ అనే పద్ధతిలో ఎక్కిస్తారు. నాణ్యం పోదు, మంచిదే. కాని గంటకు సుమారు 13 గిగాబైట్లు తింటుంది, మూడు గంటల పెళ్ళి 39 గిగాబైట్లు. పైగా చాలా టి.వి.లకు ఆ భాష రాదు. టి.వి.లకు బాగా వచ్చిన భాష ‘ఎం.పి.4’ పొట్లంలో ‘హెచ్.264’ బొమ్మ, ‘ఎ.ఎ.సి.’ శబ్దం. హేండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాము ఒకదాన్ని ఇంకోదానిగా మార్చి పెడుతుంది. రెండు గంటల్లో అయిదు గిగాబైట్ల కొత్త ఫైలు తయారైంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. పాత కేసెట్ల బొమ్మ సగం గీతలు ఒకసారీ, తక్కిన సగం ఒకసారీ తీసినది. మార్చేటప్పుడు ‘డీఇంటర్లేస్’ అనే మీట వెయ్యకపోతే, మనిషి కదిలినప్పుడల్లా అంచుల వెంట దువ్వెన పళ్ళలాంటి గీతలు కనబడతాయి. రెండోది, కొత్త ఫైలు వచ్చింది కదా అని పాతదాన్ని తుడిచెయ్యవద్దు. కొత్తది చూడటానికి, పాతది దాచడానికి. పదేళ్ళకు ఇంకో కొత్త భాష వస్తే మళ్ళీ అసలు నుంచే మార్చుకోవాలి. ఊరగాయ రోజువారీకి చిన్న సీసాలోకి తీసుకుంటాం. జాడీని పారబొయ్యం కదా.

బొమ్మ వచ్చి మాట రానిది అయిదో రకం అనుకోండి. చాలా సినిమా ఫైళ్ళలో శబ్దం ‘డి.టి.ఎస్.’ అనే పద్ధతిలో ఉంటుంది. 2018 నుంచి పేరున్న టి.వి. కంపెనీలు కొన్ని ఆ పద్ధతిని తమ సెట్లలోంచి తీసేశాయి. అప్పుడు బొమ్మ జోలికి పోకుండా శబ్దాన్ని మాత్రం మార్చుకుంటే చాలు. ఐఫోను ఫోటోలు కొన్ని టి.వి.ల్లో కనబడకపోవడానికీ ఇల్లాంటిదే కారణం. 2017 నుంచి ఆ ఫోనులు ‘హెచ్.ఇ.ఐ.సి.’ అనే కొత్త పద్ధతిలో ఫోటోలు దాస్తున్నాయి. ఫోనులో కెమెరా సెట్టింగుల్లోకి వెళ్ళి అందరికీ పనికివచ్చే పద్ధతిని ఎంచుకోవచ్చు.

ఇన్ని భాషలేమిటి, ఇన్ని పేచీలేమిటి అని విసుక్కోవద్దు. ఏ కంపెనీ సామానైనా ఏ కంపెనీ సామానుతోనైనా మాట్లాడాలన్న సదుద్దేశంతోనే 2003లో సోనీ, ఇంటెల్ మొదలైన కంపెనీలు కలిసి ‘డి.ఎల్.ఎన్.ఎ.’ అనే సంఘం పెట్టుకున్నాయి. 2017లో ఆ సంఘాన్ని మూసేశారు. ఆ భాష టి.వి.ల్లో మిగిలింది, కాని మన జిల్లాల యాసల్లాగా ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క యాస. ఎంతకూ పడకపోతే, నాస్‌లో జెల్లీఫిన్ వంటి ఉచిత ప్రోగ్రామునో, ప్లెక్స్ వంటిదాన్నో వేసుకుని, దాని జోడీ ఆప్‌ను టి.వి.లో వేసుకుంటే దుబాసీలాగా పనిచేస్తుంది. అయితే పాత, చిన్న పెట్టెలు ఈ దుబాసీ పనిని మొయ్యలేక ఆయాసపడతాయి. అప్పుడు ముందే మార్చి ఉంచుకున్న ఎం.పి.4 ఫైలే మేలు.

టి.వి. సంగతి సరే, కంప్యూటరుకే పెట్టె కనబడకపోతే? అక్కడ ఇంకో చరిత్ర ఉంది. కంప్యూటర్లు ఫోల్డర్లను పంచుకునే ‘ఎస్.ఎం.బి.’ అనే పద్ధతిలో మొదటి రకం చాలా పాతది, దాని తలుపు గడియ బలహీనం. 2017 మే నెలలో ‘వాన్నాక్రై’ అనే దొంగ ప్రోగ్రాము ఆ తలుపు గుండానే ప్రపంచమంతా పాకి, ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది చివరి నుంచి కొత్తగా వేసుకునే విండోసులో ఆ మొదటి రకాన్ని ఉంచడం మానేశారు. 2024లో వచ్చిన విండోస్ 11 కొత్త విడుదలలో పేరూ సంకేతపదమూ లేకుండా అతిథిగా లోపలికి వెళ్ళే అలవాటును ఇంకా బిగించారు. అంచేత నిన్నటిదాకా కనబడిన పెట్టె అప్‌డేటు తరవాత కనబడకపోవచ్చు. మొదటి రకాన్ని మళ్ళీ తెరవమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వినకండి. దొంగ తిరిగే వీధిలో గడియ తీసి పడుకోవడం అది. పెట్టె సెట్టింగుల్లో రెండో రకాన్నో మూడో రకాన్నో ఎంచుకుని, ఇంట్లో ఒక్కొక్కరికీ పేరూ సంకేతపదమూ పెట్టుకోండి.

సంవత్సరీకం నాటి సాయంత్రం పెళ్ళి టి.వి.లో వచ్చింది. పందిట్లో సన్నాయీ డోలూ హోరెత్తిపోతున్నాయి. బాబాయిగారు కండువా సర్దుకుంటూ వచ్చి, “ఆ బాజా కాస్త తగ్గించండయ్యా, మంత్రాలు వినపడొద్దూ!” అన్నారు. హాలంతా ఒక్కసారి నవ్వింది. ఆయన్ని గురించి ఏమీ గుర్తులేని చిన్న మనవరాలు “తాతయ్య కోప్పడుతున్నాడా?” అని అడిగింది. “కోపం కాదే, అది ఆయన ఉద్యోగం” అన్నారు పిన్నిగారు. అంతకంటె ఎక్కువ ఎవరూ మాట్లాడలేదు.

కాని కథ ఇక్కడితో అయిపోతే నేను ఈ వ్యాసం సగమే రాసినట్టు. ఆ మర్నాడే పిన్నిగారి అబ్బాయితో కూచుని చెప్పిన మాట మీకూ చెబుతున్నాను. “పెట్టెలో రెండు డిస్కులున్నాయండీ, ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది” అన్నాడతను. నిజమే, డిస్కు చెడిపోతే అది ఆదుకుంటుంది. కాని ఆ రెండూ అద్దమూ మనిషీ వంటివి. ఇటు చెరిపితే అటూ చెరుగుతుంది. ఇంటికి పిడుగు పడినా, పెట్టెను దొంగ ఎత్తుకుపోయినా రెండూ కలిసే పోతాయి. రెండు డిస్కులు రెండు ప్రతులు కావు.

2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ కంపెనీవారి ‘మై బుక్ లైవ్’ అనే పాత రకం ఇంటి పెట్టెలు చాలా దేశాల్లో ఉన్నట్టుండి ఖాళీ అయిపోయాయి. ఇంటర్నెట్టు గుండా ఎవరో దూరి తుడిచేశారు. 2015 తరవాత వాటికి కొత్త మరమ్మతులు రాలేదు. వెంటనే ఇంటర్నెట్టు నుంచి విడదీయండని కంపెనీవారే చెప్పవలసి వచ్చింది. అంచేత బయటి ఊరి నుంచి చూసుకునే సదుపాయం మీకు నిజంగా అవసరం లేకపోతే దాన్ని మూసి ఉంచండి. పెట్టెకు అప్‌డేట్లు వస్తే వేయించండి.

పెద్ద పెద్ద సంస్థలకే తప్పలేదు. 1921 నాటి మన మొదటి తెలుగువారి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ను రఘుపతి వెంకయ్యగారూ, ఆయన కుమారుడు ప్రకాశ్‌గారూ ఎంత శ్రమపడి తీశారో! ఈనాడు చూద్దామంటే బొమ్మ లేదు. సినిమాలు దాచడానికే 1964లో పూనాలో జాతీయ ఫిలిం ఆర్కైవ్ పెట్టారు. 2003 జనవరిలో అక్కడే నైట్రేటు ఫిలిము ఉన్న చోట అగ్ని ప్రమాదం జరిగి ఎన్నో పాత చిత్రాలు బూడిదయ్యాయి. దీనికి మారుగా ఇంకో కథ వినండి. 1998లో అమెరికాలో పిక్సార్ స్టూడియోవారు ‘టాయ్ స్టోరీ 2’ తీస్తుండగా ఎవరో పొరపాటున ఒక ఆజ్ఞ కొట్టారు. చిత్రంలో చాలా భాగం కంప్యూటర్లలోంచి మాయమైంది. దాచిన ప్రతులు చూస్తే అవీ కొంతకాలంగా సరిగ్గా పడటం లేదు. అప్పుడే పురుడు పోసుకుని ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సస్మన్ అనే ఉద్యోగిని ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి ఉండటం వల్ల సినిమా బతికింది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారులో పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చుకున్నారట.

ఇందులోంచి మనకు మూడు నీతులు. ప్రతులు మూడుండాలి. అన్నీ ఒకే రకం వస్తువు మీద ఉండకూడదు. ఒకటైనా ఇంకో ఇంట్లో ఉండాలి. నాలుగోది నేను కలుపుతున్నాను: ఏడాదికి ఒకసారైనా ప్రతిని తెరిచి ఆడించి చూడాలి. ఆడని ప్రతి ప్రతి కాదు.

పిన్నిగారింట్లో ఇప్పుడు అసలు ఫైలు నాస్‌లో ఒకటి. బీరువాలో పెట్టిన చేతి హార్డ్ డిస్కులో ఒకటి. విజయవాడలో పెద్దమ్మాయి ఇంట్లో ఒకటి. చూసుకునే చిన్న ఫైలును పెన్ డ్రైవుల మీద ఎక్కించి పిల్లలందరికీ పంచారు. అక్కడా ఒక చిన్న చిక్కు వచ్చింది. 32 గిగాబైట్ల ఖాళీ పెన్ డ్రైవు, ఫైలు అయిదు. అయినా చోటు చాలదన్నది. చోటు లేక కాదు. ‘ఫాట్ 32’ అనే పాత పద్ధతిలో ఒక్కొక్క ఫైలు నాలుగు గిగాబైట్లు మించరాదు. ‘ఎక్స్‌ఫాట్’ పద్ధతికి మారిస్తే పట్టింది. ఇక్కడ మాత్రం ఫార్మాట్ నొక్కవచ్చు. అందులో ఏమీ లేదని రెండుసార్లు చూసుకున్న తరవాతనే సుమండీ!

ఈ ఆదివారం తీరిక చేసుకుని ఒక పని చెయ్యండి. తెల్లకాగితం మీద నాలుగు సంగతులు రాయండి: పెట్టె చిరునామా ఏమిటి, అందులోకి వెళ్ళే పేరూ సంకేతపదమూ ఏమిటి, ఏ ఫోల్డరులో ఏమున్నది, రెండో ప్రతి ఎవరింట్లో ఉన్నది. ఆ కాగితం బీరువాలో నగలతో పాటు ఉంచండి. ఎక్కడ ఉన్నదో ఇంట్లో ఇద్దరికి చెప్పండి. ఆ ఇద్దరిలో ఒకరు కంప్యూటరు జోలికి పోని పెద్దవారైతే మరీ మంచిది. చెరపనా అని యంత్రం అడిగినప్పుడు ఆగమని చెప్పే మనిషి ఇంట్లో ఒకరుండాలి.